క్యామ్రీ, అకార్డ్, సొనాటా: పవర్, మైలేజ్ చూసి హైబ్రిడ్ సెడాన్ ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో కారు కొనబోతున్న మనవాళ్లు ఈ మధ్య ఎవరు ఫోన్ చేసినా ఇదే ప్రశ్న. టొయోటా క్యామ్రీ తీసుకోవాలా, హోండా అకార్డ్ హైబ్రిడ్ తీసుకోవాలా, హ్యుందాయ్ సొనాటాకి మంచి డిస్కౌంట్ ఇస్తామంటున్నారు, దానికి వెళ్లిపోవాలా? ఎవరిని అడిగినా తమ ఇంటి ముందున్న కారే గొప్పదంటారు కాబట్టి, అడిగినకొద్దీ అయోమయం పెరుగుతుంది తప్ప తేలదు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు, ఎలా తేల్చుకోవాలో వరుసగా ఇక్కడ రాసేస్తున్నాను. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు, చిన్న బ్యాటరీ కూడా ఉండే కారు.

ముందే ఒక మాట. ఈ మూడు కార్ల మధ్య మైలేజ్ తేడా డబ్బుల్లో చూస్తే మీరు అనుకున్నంత ఉండదు. అదే కారులో ట్రిమ్ (ఎల్ఈ, ఎస్ఈ లాంటి వెర్షన్) మారితే పడే తేడా చాలాసార్లు కంపెనీ మారితే పడే తేడా కన్నా ఎక్కువ. ఈ సంగతి తెలిస్తే సగం టెన్షన్ ఇక్కడే పోతుంది.

అంకెలన్నీ అమెరికాలో అమ్మిన 2025 మోడళ్లవి, మైలేజ్ అంటే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) రేటింగ్. ఇండియాలో ఉన్నవాళ్లకి ఈ లెక్కలు అలాగే పనికిరావు. అక్కడ హోండా సిటీ హైబ్రిడ్‌కీ క్యామ్రీకీ మధ్య ధరలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం ఉంది, పవర్, మైలేజ్ చూసి తేల్చుకునే పరిస్థితే రాదు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఏడాదికి మీరు ఎన్ని మైళ్లు తిరుగుతారో ఒక అంకె. పాత కారు ఉంటే సర్వీస్ రసీదుల మీద ఓడోమీటర్ రీడింగ్ ఉంటుంది, రెండు రసీదులు చాలు.
- అందులో ఫ్రీవే (హైవే) ఎంత, ఊళ్లో సిగ్నళ్ల మధ్య ఎంత అన్న అంచనా.
- మీ ఏరియాలో గ్యాస్ (పెట్రోల్) ధర. టెక్సస్ ధరతో కాలిఫోర్నియాలో లెక్క వేయకండి.
- చూస్తున్న ప్రతి కారుకీ, ట్రిమ్ పేరుతో సహా, ఇన్సూరెన్స్ కోట్.
- ఒక్కో కారుకి కనీసం అరగంట టెస్ట్ డ్రైవ్. పక్కన ఇంట్లోవాళ్లు ఉంటే మంచిది.

1. మీ రోడ్డు ఏదో తేల్చుకోండి

కారు సంగతి తర్వాత. రోజూ ఫ్రిస్కో నుంచి డాలస్ డౌన్‌టౌన్‌కి టోల్‌వే మీద వెళ్లేవాళ్ల రోడ్డు వేరు, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇల్లు, స్కూలు, ఇండియన్ గ్రోసరీ మధ్య తిరిగేవాళ్ల రోడ్డు వేరు. "సగం సగం ఉంటుంది" అని చాలామంది తేలిగ్గా అనేస్తారు, కానీ ఒక వారం ఫోన్‌లో మ్యాప్ హిస్టరీ చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఫ్రీవే మీదే ఉన్నా ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ పోతుంటే దాన్ని సిటీ కిందే లెక్కపెట్టండి, ఎందుకంటే కారుకి రోడ్డు పేరు తెలియదు, స్పీడ్ మాత్రమే తెలుసు.

2. ట్రిమ్ పేరు లేకుండా మైలేజ్ అంకె నమ్మకండి

డీలర్ దగ్గర ఎక్కువ మోసపోయేది ఇక్కడే. ప్రకటనలో "51 ఎంపీజీ" (గ్యాలన్‌కి 51 మైళ్లు) అని ఉంటుంది, షోరూమ్‌లో మీ చేతిలో పెట్టేది వేరే ట్రిమ్. ఈపీఏ అంకెలు సిటీ, హైవే, కలిపి అనే వరుసలో ఇవి:

- క్యామ్రీ ఎల్ఈ, ఫ్రంట్ వీల్ డ్రైవ్: 53, 50, కలిపి 51
- క్యామ్రీ ఎస్ఈ, ఫ్రంట్ వీల్ డ్రైవ్: 48, 47, కలిపి 47
- అకార్డ్ హైబ్రిడ్ ఈఎక్స్-ఎల్: 51, 44, కలిపి 48
- అకార్డ్ స్పోర్ట్ హైబ్రిడ్, టూరింగ్: 46, 41, కలిపి 44
- సొనాటా హైబ్రిడ్: 44, 51, కలిపి 47

అకార్డ్ సంగతి గమనించండి. హైబ్రిడ్ అకార్డ్‌లలో తక్కువ ధరకి దొరికే స్పోర్ట్‌కి మైలేజ్ తక్కువ, దానికన్నా ఖరీదైన ఈఎక్స్-ఎల్‌కి ఎక్కువ. ఇంజన్, మోటారు రెండింట్లోనూ ఒకటే. పెద్ద తేడా చక్రాల్లో ఉంది: స్పోర్ట్‌కి 19 అంగుళాలవి, ఈఎక్స్-ఎల్‌కి 17. క్యామ్రీలోనూ ఇదే కథ, ఎల్ఈకి 16 అంగుళాలు, ఎస్ఈకి 18. పెద్ద చక్రాలు చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ వాటి టైర్లు మార్చేటప్పుడు బిల్లు కూడా పెద్దగానే ఉంటుంది, గుంటలో పడితే రిమ్ దెబ్బతినే భయమూ ఎక్కువే.

చూడాల్సింది కారు అద్దం మీద అంటించిన స్టిక్కర్. సేల్స్‌మన్ మాట మీద ఆధారపడొద్దు. ఇంట్లో కూర్చుని చూడాలంటే ప్రభుత్వ సైట్ ఫ్యూయల్‌ఎకానమీ డాట్ గవ్‌లో ట్రిమ్ వారీగా ఉంటాయి.

3. మీ రోడ్డుకి మైలేజ్ మళ్లీ లెక్కకట్టండి

"కలిపి" అనే అంకె 55 శాతం సిటీ, 45 శాతం హైవే అనుకుని కట్టింది. మీది అలా ఉండాలని ఏముంది? లెక్క తేలికే: సిటీ వాటాని సిటీ ఎంపీజీతో భాగించండి, హైవే వాటాని హైవే ఎంపీజీతో భాగించండి, రెండూ కలిపితే 100 మైళ్లకి ఎన్ని గ్యాలన్లో వస్తుంది.

80 శాతం ఫ్రీవే తిరిగేవాళ్లని తీసుకుందాం. అకార్డ్ ఈఎక్స్-ఎల్‌కి 20ని 51తో భాగిస్తే 0.39, 80ని 44తో భాగిస్తే 1.82, మొత్తం 2.21 గ్యాలన్లు. అంటే 45 ఎంపీజీ. సొనాటాకి అదే లెక్క చేస్తే 2.02 గ్యాలన్లు, అంటే 49. స్టిక్కర్ మీద ఒక ఎంపీజీ తక్కువగా కనిపించిన సొనాటా మీ రోడ్డు మీద నాలుగు ఎక్కువ ఇస్తోంది! 80 శాతం సిటీ అయితే అచ్చంగా తిరగబడుతుంది: అకార్డ్‌కి 49, సొనాటాకి 45. క్యామ్రీ ఎల్ఈ మాత్రం ఎటు తిప్పినా 50 దాటే ఉంటుంది.

హెచ్చరిక: ఎంపీజీలని నేరుగా సగటు తీయకండి. ముందు గ్యాలన్లుగా మార్చాకే కలపాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

4. దాన్ని డాలర్లలోకి మార్చండి

ఏడాదికి 12,000 మైళ్లు, గ్యాలన్ 3.50 డాలర్లు అనుకుంటే (మీ అంకెలు పెట్టుకోండి), స్టిక్కర్ మీది కలిపిన మైలేజ్‌తో ఇలా ఉంటుంది:

- క్యామ్రీ ఎల్ఈ: 235 గ్యాలన్లు, సుమారు 824 డాలర్లు
- అకార్డ్ ఈఎక్స్-ఎల్: 250 గ్యాలన్లు, 875 డాలర్లు
- సొనాటా హైబ్రిడ్: 255 గ్యాలన్లు, సుమారు 894 డాలర్లు
- అకార్డ్ స్పోర్ట్ హైబ్రిడ్: 273 గ్యాలన్లు, సుమారు 955 డాలర్లు
- అకార్డ్ మామూలు 1.5 టర్బో, 32 ఎంపీజీ: 375 గ్యాలన్లు, సుమారు 1,313 డాలర్లు

హైబ్రిడ్‌లలో అన్నిటికన్నా పైనున్నదానికీ కిందున్నదానికీ తేడా ఏడాదికి 131 డాలర్లు. నెలకి 11. ఇద్దరు బిర్యానీ తింటే అంతకన్నా ఎక్కువే అవుతుంది. దీనికోసం నచ్చని కారులో ఏడేళ్లు తిరగడం నాకైతే అర్థం లేని పని అనిపిస్తుంది. హైబ్రిడ్‌కీ మామూలు పెట్రోల్ కారుకీ ఉన్న తేడాని మాత్రం పట్టించుకోవాలి. అక్కడ కూడా ధరలో తేడాని ఏడాది పొదుపుతో భాగించి చూడండి: ధర 3,000 డాలర్లు ఎక్కువై, ఏటా 358 మిగిలితే, ఆ డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. ఏడాదికి 24,000 మైళ్లు తిరిగితే నాలుగేళ్ల చిల్లర. క్యామ్రీకి ఈ గొడవ లేదు, 2025 నుంచి అది హైబ్రిడ్‌గానే వస్తోంది.

ఎంపీజీ అంకెలో ఇంకో మాయ ఉంది. 12,000 మైళ్లకి 30 నుంచి 40కి వెళ్తే 100 గ్యాలన్లు మిగులుతాయి. 40 నుంచి 50కి వెళ్తే 60. 50 నుంచి 60కి వెళ్తే 40 మాత్రమే. పైకి వెళ్లేకొద్దీ అదే పది ఎంపీజీకి విలువ తగ్గిపోతుంది.

5. హార్స్‌పవర్ అంకెని సరిగ్గా చదవండి

క్యామ్రీకి ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో 225, ఆల్ వీల్ డ్రైవ్‌లో 232. అకార్డ్ హైబ్రిడ్‌కి 204. సొనాటా హైబ్రిడ్‌కి 192. కాగితం మీద క్యామ్రీదే పైచేయి. కానీ ఇంజన్, మోటారు అంకెలు విడివిడిగా చూసి కూడేవాళ్లు ఉన్నారు, అది చేయకండి. అకార్డ్‌లో ఇంజన్ 146, చక్రాలు తిప్పే మోటారు 181, కూడితే 327 వస్తుంది, మరి 204 అని ఎందుకు రాశారు? రెండూ ఒకేసారి పూర్తి బలం ఇవ్వవు, హైబ్రిడ్‌లో ఉండే ఆ చిన్న బ్యాటరీ అంత కరెంటు అందించలేదు. మీరు పోల్చాల్సింది మొత్తం సిస్టమ్‌కి ఇచ్చిన అంకెనే.

సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు తెలిసేది టార్క్, అంటే చక్రాలని తిప్పే బలం. అకార్డ్‌లో ఊళ్లో తిరిగేటప్పుడు ఎక్కువగా ఇంజన్ జనరేటర్ పని చేస్తుంది, చక్రాలని మోటారే తిప్పుతుంది. ఆ మోటారుకి 247 పౌండ్-ఫీట్ టార్క్ ఉంది, అదీ కదలగానే అందుతుంది. అందుకే 204 అని ఉన్నా ఊళ్లో హుషారుగా ఉంటుంది. టొయోటాలో ఇంజన్, మోటార్ల బలాన్ని ఒక గేర్ల సెట్టు ఎప్పటికప్పుడు కలుపుతుంది, గేర్లు మారడం అంటూ ఉండదు. సొనాటాలో మామూలు ఆరు గేర్ల ఆటోమేటిక్ ఉంది, గేర్ మారడం తెలుస్తుంది, ఇన్నాళ్లూ మామూలు కార్లు నడిపినవాళ్లకి అదే సహజంగా అనిపించవచ్చు. ఇంతకుమించి సిద్ధాంతం అవసరం లేదు, మిగతాది మీ కాలికి తెలియాలి.

6. టెస్ట్ డ్రైవ్ ఇలా చేయండి

సేల్స్‌మన్ మిమ్మల్ని నాలుగు రైట్ టర్నులు తిప్పి వెనక్కి తీసుకొస్తాడు. దానితో ఏమీ తెలియదు. "ఫ్రీవే ఎక్కుతాను" అని ముందే చెప్పండి.

ర్యాంప్ మీద 30 నుంచి 70కి పూర్తిగా తొక్కి వెళ్లండి. పవర్ నిజంగా అవసరమయ్యేది అక్కడే, పక్క లేన్‌లో ట్రక్ వస్తున్నప్పుడు. ఒక్కసారి చేసి ఊరుకోకుండా, దిగి మళ్లీ ఎక్కి వెంటనే ఇంకోసారి చేయండి, మొదటిసారి బ్యాటరీ చేసిన సాయం రెండోసారి ఎంతవరకు ఉందో తెలుస్తుంది. ఏసీ పూర్తిగా పెట్టి, వీలైతే నలుగురిని ఎక్కించుకుని చేయండి. ఇంజన్ శబ్దం వినండి: గట్టిగా తొక్కినప్పుడు స్పీడ్ పెరిగే తీరుకీ ఇంజన్ అరిచే తీరుకీ పొంతన లేనట్టు అనిపిస్తుంది, కొంతమందికి అది అస్సలు పడదు. మీ దగ్గర కొండదారి ఉంటే అది తప్పకుండా ఎక్కించండి.

బ్రేకులు కూడా చూడండి. హైబ్రిడ్‌లో ముందు మోటారు కారుని నెమ్మదింపజేసి కరెంటు వెనక్కి తీసుకుంటుంది, తర్వాత మామూలు బ్రేకులు పట్టుకుంటాయి. ఆగే చివరి క్షణంలో కుదుపు వస్తోందా లేదా అన్నది పార్కింగ్ లాట్‌లో మెల్లగా నడిపితే తెలిసిపోతుంది.

పవర్, మైలేజ్ గోలలో పడి వెనక సీటు మర్చిపోకండి. అమ్మానాన్నలు ఇండియా నుంచి ఆరు నెలలు ఉండటానికి వస్తారు, వంగి ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. ఈ మూడూ ఎత్తు తక్కువ కార్లే. ఎయిర్‌పోర్ట్ పెట్టెల సంగతికొస్తే అకార్డ్ ట్రంక్ 16.7 క్యూబిక్ అడుగులు, క్యామ్రీది 15.1. ట్రంక్ తెరిచినప్పుడు కింద స్పేర్ టైర్ ఉందా, గాలి కొట్టే కిట్ మాత్రమే ఉందా అన్నదీ చూసుకోండి.

7. చలి, మంచు

మినియాపోలిస్, షికాగో, డెట్రాయిట్ వైపు ఉన్నవాళ్లు స్టిక్కర్ అంకెని శీతాకాలంలో ఆశించొద్దు. 20 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో చిన్న చిన్న ప్రయాణాలు చేస్తే హైబ్రిడ్ మైలేజ్ 30 నుంచి 34 శాతం దాకా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. బ్యాటరీ చల్లబడుతుంది, హీటర్ కోసం ఇంజన్ ఆడుతూనే ఉంటుంది. కారు పాడైందని కంగారు పడక్కర్లేదు.

ఆల్ వీల్ డ్రైవ్ కావాలంటే ఈ మూడింట్లో క్యామ్రీలోనే దొరుకుతుంది, మైలేజ్ కొంచెం తగ్గుతుంది. అకార్డ్, సొనాటా హైబ్రిడ్‌లు ఫ్రంట్ వీల్ మాత్రమే. వాటికి మంచి వింటర్ టైర్లు వేయించుకోవడం ఇంకో దారి. మంచులో ఆగడానికి, తిరగడానికి పనికొచ్చేది టైరే.

8. మైలేజ్‌లో మిగిలింది ఇంకెక్కడైనా పోతోందా?

ఇన్సూరెన్స్ కోట్లు పక్కపక్కన పెట్టండి. ఏడాదికి 131 డాలర్ల గ్యాస్ తేడా ప్రీమియం తేడాలో కొట్టుకుపోవచ్చు, ముఖ్యంగా కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లకి.

హైబ్రిడ్ బ్యాటరీ వారంటీ: టొయోటా 10 ఏళ్లు లేదా 150,000 మైళ్లు, హోండా 8 ఏళ్లు లేదా 100,000 మైళ్లు, హ్యుందాయ్ 10 ఏళ్లు లేదా 100,000 మైళ్లు. హ్యుందాయ్ ఇచ్చే పదేళ్ల పవర్‌ట్రెయిన్ (ఇంజన్, గేర్‌బాక్స్) వారంటీ మొదటి ఓనర్‌కే, సెకండ్ హ్యాండ్‌లో కొంటే అది 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లకి తగ్గిపోతుంది. వాడిన సొనాటా చూస్తున్నవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

రాష్ట్రం ఫీజులు చూడండి. వాషింగ్టన్ రాష్ట్రంలో హైబ్రిడ్‌లకి ఏటా 75 డాలర్లు అదనం. వర్జీనియాలో తక్కువ గ్యాస్ తాగే కార్లన్నిటికీ హైవే యూజ్ ఫీ ఉంది.

ట్యాక్స్ క్రెడిట్ వస్తుందా అని ఇప్పటికీ అడుగుతున్నారు. రాదు. ఆ ఫెడరల్ క్రెడిట్ ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే కార్లకే ఉండేది, అది కూడా 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది. వస్తుందని ఏ డీలరైనా చెబితే కాగితం మీద రాసివ్వమనండి.

9. ఇప్పుడు తేల్చండి

అంకెలు మాత్రమే చూస్తే క్యామ్రీ ఎల్ఈ దగ్గర ఆగిపోవచ్చు, పవర్, మైలేజ్ రెండూ అందులోనే ఎక్కువ. ఊళ్లో తిరుగుడు ఎక్కువై, నడపడంలో సరదా, పెద్ద ట్రంక్ కావాలంటే అకార్డ్ ఈఎక్స్-ఎల్. రోజంతా ఫ్రీవే అయి, డిస్కౌంట్ నిజంగా వేలల్లో ఉంటే సొనాటా.

కారు ఇంత పెద్దది అక్కర్లేదంటే సివిక్ హైబ్రిడ్ చూడండి: 200 హార్స్‌పవర్, కలిపి 49 ఎంపీజీ. అంత చిన్న కారుకి అది చాలా ఎక్కువ పవర్, ఎందుకో దీన్ని ఎవరూ అడగరు. కరోలా హైబ్రిడ్ ఎల్ఈ 50 ఇస్తుంది కానీ 138 హార్స్‌పవర్‌తో నలుగురిని ఎక్కించుకుని ర్యాంప్ ఎక్కడం ఓపికతో చేయాల్సిన పని. మైలేజే ప్రాణమైతే ప్రియస్ ఎల్ఈకి 57, పవర్ 194. సెడాన్ కాదు, వెనక తలుపు పైకి లేస్తుంది. ఇక పవరే ముఖ్యమంటే టొయోటా క్రౌన్‌లో హైబ్రిడ్ మ్యాక్స్ అని ఉంది, 340 హార్స్‌పవర్, మైలేజ్ 30. హైబ్రిడ్ అన్న పేరు ఉన్నంత మాత్రాన మైలేజ్ రాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కొన్నాక చేసే తప్పులు

టైరు పక్కన రాసిన గరిష్ఠ ప్రెషర్ దాకా గాలి కొట్టించడం. సరైన అంకె డ్రైవర్ తలుపు ఫ్రేమ్ మీది స్టిక్కర్‌లో ఉంటుంది, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. టైర్లు మార్చేటప్పుడు చవకగా వచ్చాయని ఏవో వేయించి తర్వాత మైలేజ్ పడిపోయిందని వాపోవడం. వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి వెళ్లే జాలీకి అడ్డంగా బియ్యం బస్తా, దుప్పటి పెట్టేయడం (దుమ్ము పేరుకుంటే అది శుభ్రం చేయించాలి కూడా). మైలేజ్ కోసం ఎప్పుడూ ఈవీ మోడ్ (కరెంటు మీదే నడిపే) బటన్ నొక్కుతూ ఉండటం, దానికన్నా కారుకే వదిలేస్తే బాగా చూసుకుంటుంది. ఇవన్నీ సరిచేసుకుని ఫ్రీవే మీద 80లో పోతే మాత్రం ఏ హైబ్రిడ్ అయినా ఏం చేస్తుంది?

వస్తున్న మైలేజ్ సరైనదేనా, ఎలా చూడాలి

డ్యాష్‌బోర్డ్ మీది అంకెని పక్కన పెట్టండి, అది తరచుగా కాస్త ఎక్కువే చూపిస్తుంది. ట్యాంక్ నింపి, పంపు మొదటిసారి టక్‌మని ఆగగానే ఆపేసి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. తర్వాతిసారి వీలైతే అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ మొదటి టక్ దాకానే నింపండి. తిరిగిన మైళ్లని పట్టిన గ్యాలన్లతో భాగించండి. ఒక్క ట్యాంక్‌తో తీర్పు ఇవ్వకుండా కనీసం మూడు ట్యాంకుల మైళ్లన్నీ ఒకచోట, గ్యాలన్లన్నీ ఒకచోట కలిపి భాగించండి.

వచ్చినదాన్ని స్టిక్కర్‌తో పోల్చకండి, మూడో స్టెప్పులో మీ రోడ్డుకి కట్టుకున్న అంకెతో పోల్చండి. పది శాతం అటూ ఇటూ అయితే వదిలేయండి. చలికాలం కాదు, చిన్న ట్రిప్పులు కాదు, టైర్లలో గాలి సరిగానే ఉంది, అయినా పావు వంతు తక్కువ వస్తుంటే, ఆ ట్యాంకుల లెక్కలు రాసుకుని వారంటీలో ఉండగానే సర్వీస్‌కి తీసుకెళ్లండి. లెక్కలు లేకుండా "మైలేజ్ రావట్లేదండీ" అంటే వాళ్లు కారు కడిగి తిరిగి ఇచ్చేస్తారు.